జయప్రద ఆంధ్రలో ఒక్కసారి కూడా పోటీ చేయకుండా రాంపూర్‌లో రెండుసార్లు ఎలా గెలిచారు?

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. రాజమండ్రిలో పుట్టిన జయప్రద తెలుగు నేలను వదిలి ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి లోక్‌సభకు ఎందుకు పోటీ చేశారు, అక్కడ గెలవడానికి సినిమా ఆకర్షణ ఒక్కటే కారణమా, ఆమె మళ్లీ ఇక్కడికి వచ్చి నిలబడే అవకాశం ఉందా అని మీరు అడిగారు. అడిగిన తీరును బట్టి సినిమా ఆకర్షణే కారణమని మీరు ఇప్పటికే అనుకుంటున్నట్టు అనిపించింది.

ముందు సూటిగా చెబుతాను. 2004లో రాంపూర్ గెలుపులో పెద్ద వాటా పార్టీది, 2009 గెలుపులో పెద్ద వాటా ఆమెది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఆమె గురించి రాసేవారిలో చాలామంది దారి తప్పుతారు. ఇక తెలుగు నేలను వదిలారనడం కంటే, తెలుగు నేల మీద ఆమెకంటూ ఒక నియోజకవర్గం ఎన్నడూ లేదనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. సినిమాల్లో ఎవరో ఒకరు పిలిచి పాత్ర ఇస్తే ఆ పాత్రను నిలబెట్టడం ఆమెకు తెలుసు. రాజకీయాల్లో కూడా ఆమె అలా పిలుపు మీదనే వచ్చారు, పిలిచినవారితోనే నడిచారు, పిలిచినవారికి పట్టు పోయినప్పుడల్లా ఆమె కాలి కింద నేల కదిలింది. దీనికి మినహాయింపు 2009 ఒక్కటే.

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు దినపత్రికల్లో పనిచేశాను. మొదట మద్రాసులో సినిమా పేజీ, తరువాత ఢిల్లీలో రాజకీయ వార్తలు చూశాను. అందువల్ల ఆమె జీవితంలోని రెండు సగాలనూ, దూరం నుంచే అయినా, వరుసగా చూసే అవకాశం దొరికింది. నాకు ఆమెతో పరిచయం లేదు. కింద రాసినవన్నీ అందరికీ అందుబాటులో ఉన్న వివరాలు, వాటి మీద నా అంచనాలు మాత్రమే.

మొదలు

ఆమె అసలు పేరు లలితారాణి. 1962 ఏప్రిల్ 3న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి కృష్ణారావు గారు సినిమాలకు ఫైనాన్స్ చేసేవారు కనుక పరిశ్రమ ఆ ఇంటికి పూర్తిగా కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ నాట్యం, సంగీతం నేర్పించారు. బడి వార్షికోత్సవంలో ఆమె నాట్యం చూసిన సినిమావారు 1974లో వచ్చిన 'భూమి కోసం' చిత్రంలో కొద్ది నిమిషాల పాటలో ఆడించారు. ఆ పాటకు ఆమెకు ముట్టింది పది రూపాయలేనని అంటారు. జయప్రద అన్న పేరు పెట్టింది నటుడు ప్రభాకరరెడ్డి గారని పరిశ్రమలో చెప్పుకునేవారు.

రెండేళ్లు తిరిగేసరికి 1976 వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే బాలచందర్ గారి 'అంతులేని కథ', విశ్వనాథ్ గారి 'సిరిసిరిమువ్వ', బాపు గారి 'సీతాకల్యాణం' వచ్చాయి. ఈ మూడు పాత్రలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఇంటి బరువంతా మోస్తూ మాటతో కోసే ఉద్యోగిని, ఒకటి అసలు మాటే రాని నర్తకి, ఒకటి సీతాదేవి. పద్నాలుగేళ్ల పిల్ల ఒకే ఏడాదిలో ఇంతమంది పెద్ద దర్శకుల చేతుల్లో పడటం అదృష్టమే, కానీ ముగ్గురినీ మెప్పించడానికి అదృష్టం చాలదు. మరుసటి ఏడాది 'అడవిరాముడు'లో ఎన్.టి.రామారావు గారి సరసన నటించడంతో ఆమె పేరు ఊరూరికీ చేరింది. ఆ పరిచయం పదిహేడేళ్ల తరువాత ఆమె జీవితాన్ని మరో దారిలోకి తిప్పింది కాబట్టి ఈ చిత్రాన్ని గుర్తుంచుకోండి.

హిందీలోకి ఎలా వెళ్లారు

ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తరువాత రాంపూర్‌లో జరిగినదానికి నమూనా ఇక్కడే ఉంది.

'సిరిసిరిమువ్వ'ను విశ్వనాథ్ గారే 1979లో 'సర్గమ్' పేరుతో హిందీలో తీశారు. కథానాయకుడు రిషి కపూర్. కథానాయిక పాత్ర మూగది. అప్పటికి జయప్రదకు హిందీ రాదు. అంటే కొత్త భాషలో అడుగు పెట్టడానికి ఆమెకు దొరికిన మొదటి వాకిలి భాష అక్కరలేని వాకిలి. చిత్రం పెద్ద విజయం సాధించింది. దాని తరువాత చాలామంది దక్షిణాది తారలు చేసిన పనే ఆమె కూడా చేసి ఉండవచ్చు, అంటే డబ్బింగ్ గొంతు మీద ఆధారపడి నాలుగు చిత్రాలు చేసి వెనక్కి వచ్చేయడం. ఆమె అలా చేయలేదు, కూర్చుని హిందీ నేర్చుకున్నారు. మళ్లీ విశ్వనాథ్ గారే 1982లో తన 'శుభోదయం'ను 'కామ్‌చోర్'గా తీసినప్పుడు ఆమె ఆ భాష మాట్లాడారు. మూడేళ్లలో జరిగిన మార్పు అది.

ఆ తరువాతి నాలుగైదేళ్లు బొంబాయి పరిశ్రమలో మన నిర్మాతలదే హడావిడి. తెలుగులో ఆడిన చిత్రాన్ని అదే దర్శకుడో, ఇంకో తెలుగు దర్శకుడో జితేంద్రతో హిందీలో తీయడం, షెడ్యూలు వేసిన రోజుకు మొదలుపెట్టి అనుకున్న రోజుకు ముగించడం అక్కడివారికి వింతగా ఉండేది. 'దేవత' హిందీకి వెళ్లి 'తోఫా' అయింది, 'ముందడుగు' 'మక్సద్' అయింది. ఈ రెండూ రామానాయుడు గారు తీసినవే, రెండూ 1984లో వచ్చాయి. 'చుట్టాలున్నారు జాగ్రత్త'ను పద్మాలయా వారు 'మవాలీ'గా తీశారు. ఈ మూడింటిలోనూ శ్రీదేవి, జయప్రద ఇద్దరూ ఉన్నారు. మద్రాసులో మా సినిమా పేజీలో ఆ పాటల ఫొటోలు వేయాలంటే ఒకటే సమస్య ఉండేది, వరసగా పేర్చిన రంగురంగుల బిందెల మధ్య ఇది ఏ చిత్రంలోని పాటో తేల్చుకోవడానికి మళ్లీ ఫోన్ చేసి అడగవలసి వచ్చేది.

ఆ బిందెల చిత్రాలతో ఆగిపోయి ఉంటే ఇప్పుడు ఇంత రాయనక్కరలేదు. అదే 1984లో ప్రకాశ్ మెహ్రా తీసిన 'శరాబీ'లో అమితాబ్ బచ్చన్ సరసన, మరుసటి ఏడాది విశ్వనాథ్ గారి 'సంజోగ్', 'సుర్ సంగమ్' చిత్రాల్లో ఆమె నటించారు. 'సర్గమ్', 'శరాబీ', 'సంజోగ్' మూడింటికీ ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ నామినేషన్లు వచ్చాయి. ఇక 1983 నాటి 'సాగరసంగమం'లో మాధవిని గురించి తెలుగువారికి నేను చెప్పవలసిన పని లేదు.

నా లెక్క ఇది. హిందీలో ఆమెకు తలుపు తీసింది తెలుగు దర్శకులు, ఆమెను అక్కడ నిలబెట్టిన డబ్బులో ఎక్కువ భాగం తెలుగు నిర్మాతలది. అయితే భాష నేర్చుకోవడం, ఎనభైల చివరి దాకా పరభాషా పరిశ్రమలో అగ్రస్థాయిలో ఉండటం ఆమె సొంత కష్టం. ఎవరో ఒకరు పిలిచి తీసుకుపోతారు, వెళ్లిన చోట పని నేర్చుకుని ఆమె నిలబడతారు. ఈ వరుసే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

తెలుగుదేశం రోజులు

1994 ఎన్నికల ముందు రామారావు గారి పిలుపు మీద ఆమె తెలుగుదేశంలో చేరారు. ఆ ఎన్నికల్లో ఆమె శాసనసభకు నిలబడతారని అనుకున్నవారున్నారు గాని ఆమె ప్రచారానికే పరిమితమయ్యారు. పార్టీ భారీ ఆధిక్యంతో గెలిచింది. తొమ్మిది నెలలు తిరగకుండానే 1995 ఆగస్టులో పార్టీ నిలువునా చీలినప్పుడు ఆమె చంద్రబాబు నాయుడు గారి వైపు నిలిచారు. 1996 జనవరిలో రామారావు గారు కన్నుమూశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆమె ఆంధ్రప్రదేశ్ తరఫున రాజ్యసభకు వెళ్లారు. పార్టీ మహిళా విభాగమైన తెలుగు మహిళకు అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు.

పిలిచిన పెద్దాయనను వదిలి మరో వైపు వెళ్లడాన్ని అప్పట్లో చాలామంది తప్పుపట్టారు, ఇప్పటికీ పడతారు. ఆ వారం శాసనసభ్యుల్లో అత్యధికులు చేసిన పనే ఆమె కూడా చేశారు కనుక ఆమె ఒక్కరి మీద వేలు చూపడం నాకు న్యాయంగా అనిపించదు. నేను చూసే లోపం వేరు. రాజ్యసభలో ఉన్న ఆరేళ్లలో ఆమె ఏ ఒక్క ఊరినీ, ఏ ఒక్క జిల్లానూ తనదిగా చేసుకోలేదు. రాజ్యసభ సభ్యత్వం గౌరవం ఇస్తుంది, ఢిల్లీలో ఇల్లు ఇస్తుంది, ఓటరును మాత్రం ఇవ్వదు. 2002లో పదవీకాలం ముగిసేసరికి ఆమె పేరు చెప్పి బూత్‌లో కూర్చునే మనిషి కోస్తాలో గాని తెలంగాణలో గాని లేడు.

రాజమండ్రి సినిమావారిని ఆదరించని ఊరు కాదు. 1989లో అదే రాజమండ్రి నుంచి జమున గారు కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. 2014లో మురళీమోహన్ గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. మధ్యలో 2009లో కృష్ణంరాజు గారు ప్రజారాజ్యం తరఫున అక్కడే నిలబడి ఓడారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన జయప్రద పేరు మాత్రం ఆ బ్యాలట్ మీద ఎప్పుడూ కనిపించలేదు.

రాజ్యసభ పదవి పొడిగింపు రాకపోవడం, పార్టీ నాయకత్వంతో దూరం పెరగడం ఒకవైపు, ఉత్తరప్రదేశ్‌లో ములాయంసింగ్ యాదవ్ గారి సమాజ్‌వాదీ పార్టీ నుంచి, ఆ పార్టీ నాయకుడు అమర్‌సింగ్ ద్వారా, పిలుపు మరోవైపు. ఆమె రెండోదాన్ని ఎంచుకున్నారు. 2004లో తెలుగుదేశం రాష్ట్రంలో ఘోరంగా ఓడి ఐదు లోక్‌సభ స్థానాలకు పరిమితమైందని గుర్తుచేసుకుంటే, ఎన్నికల లెక్కలో ఆ నిర్ణయం తెలివితక్కువది కాదు.

రాంపూర్, 2004

మొరాదాబాద్ దాటి ముప్పై కిలోమీటర్లు వెళితే రాంపూర్ వస్తుంది. రోహిల్లా నవాబుల సంస్థానం. రజా గ్రంథాలయం ఉన్న ఊరు, రాంపురీ చాకుతో హిందీ సినిమాల్లో పేరుపడ్డ ఊరు. స్వాతంత్ర్యం తరువాత తొలి ఎన్నికల్లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఇక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు. జిల్లా జనాభాలో సగం మందికి పైగా ముస్లింలు. నవాబు కుటుంబానికి చెందిన బేగం నూర్ బానో కాంగ్రెస్ తరఫున 1996లోనూ 1999లోనూ గెలిచారు, ఆమె భర్త అంతకు ముందు పలుమార్లు గెలిచారు. నవాబుల కోటకు ఎదురు నిలిచి, పేద ముస్లింల తరఫున మాట్లాడి ఎదిగిన నాయకుడు ఆజం ఖాన్. 1980లో తొలిసారి శాసనసభకు గెలిచినవాడు, 2004లో ములాయం ప్రభుత్వంలో మంత్రి.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు వెతకండి. గోదావరి ఒడ్డున పుట్టిన ఒక హిందూ నటిని ఈ ఊరు బేగం మీద ఎందుకు గెలిపించింది? 85 వేలకు పైగా మెజారిటీతో ఎలా గెలిపించింది?

సినిమా చరిష్మా పని చేయలేదని అనను. ఆమె నామినేషన్ వేసిన తరువాత నేను మొదటిసారి ఆ ఊరు వెళ్లినప్పుడు మేడల మీద, గోడల మీద జనం నిలబడి చూశారు. అయితే బజారులో టోపీలు కుట్టి అమ్మే ఒక పెద్దమనిషిని ఎవరికి ఓటు వేస్తారని అడిగితే ఆయన ఆమె పేరు చెప్పలేదు, సైకిల్ అన్నాడు, అంటే అక్కడ సమాజ్‌వాదీ గుర్తు. ఆమె సినిమాలు ఏవి చూశారని అడిగితే గుర్తులేదన్నాడు. ఆ మాట నేను ఆ రోజు పుస్తకంలో రాసుకున్నాను గాని వార్తలో వాడలేదు, గోడల మీది జనాన్నే రాశాను. తరువాత ఫలితాలు చూశాక ఆ పెద్దమనిషిదే అసలు వార్త అని అర్థమైంది. ఆ ఏడు సమాజ్‌వాదీ పార్టీ ఉత్తరప్రదేశ్‌లో 35 లోక్‌సభ స్థానాలు గెలిచింది. రాష్ట్రంలో అధికారం చేతిలో ఉంది, ముస్లిం, యాదవ ఓట్లు దగ్గరగా చేరాయి, ఆజం ఖాన్ యంత్రాంగం ఆమె కోసం పనిచేసింది. నవాబు కుటుంబాన్ని ఓడించడానికి ఆజం ఖాన్‌కు బయటి నుంచి ఒక పెద్ద ముఖం కావాలి, జయప్రదకు ఒక సీటు కావాలి. ఇద్దరి అవసరమూ ఒకేసారి తీరింది.

సినిమా పేరు సభకు జనాన్ని తెస్తుంది, ఆ జనాన్ని బూత్ దాకా నడిపించేది పార్టీ మనుషులు. ఈ తేడా మీరు మరే తార విషయంలో అయినా పరీక్షించి చూడవచ్చు. మేము విలేకరులం పెట్టుకున్న మోటు కొలత ఒకటుంది. అభ్యర్థి అదే ఊరికి రెండోసారి వచ్చినప్పుడు ఎంతమంది వచ్చారు, వచ్చినవారు ఏం అడిగారు అని చూసేవాళ్లం. చూడటానికి వచ్చేవారు మొదటిసారే వచ్చి వెళతారు. రేషన్ కార్డు, కల్వర్టు, చక్కెర మిల్లు బకాయి గురించి అడగడానికి వచ్చినవారు మాత్రమే ఓటర్లు.

రాంపూర్, 2009

ఐదేళ్లలో అన్నీ తలకిందులయ్యాయి. రాష్ట్రంలో బీఎస్పీ నాయకురాలు మాయావతి ప్రభుత్వం వచ్చింది. ఆజం ఖాన్‌కూ జయప్రదకూ, మరింత ఖచ్చితంగా చెప్పాలంటే ఆజం ఖాన్‌కూ అమర్‌సింగ్‌కూ, పూర్తిగా చెడింది. ఆమెకు టికెట్ ఇవ్వవద్దని ఆయన బహిరంగంగానే పట్టుబట్టారు. పార్టీ ఆమెకే ఇచ్చింది. ఆమెను గెలిపించిన యంత్రాంగం ఇప్పుడు ఆమెకు వ్యతిరేకంగా తిరిగింది. ఎదురుగా మళ్లీ నూర్ బానో. బీజేపీ నుంచి 1998లో అక్కడే గెలిచిన ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ. బీఎస్పీ అభ్యర్థి వేరే. ప్రచారంలో మహిళలకు బొట్టుబిళ్లలు పంచారని ఎన్నికల నియమావళి కింద ఆమెకు నోటీసు కూడా వచ్చింది. వ్యక్తిగత దాడులు ఏ స్థాయిలో జరిగాయో ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

ఆమె ఓడిపోతారని నేను రాశాను. ఒక్క వాక్యంలో కాదు, కారణాలన్నీ పేర్చి పెద్ద వ్యాసమే రాశాను. ఆజం లేకుండా రాంపూర్ నగరంలో ఆమెకు బూత్ ఏజెంట్లు కూడా దొరకరని నా వాదన. ఫలితాల రోజున ఆమె దాదాపు 31 వేల ఓట్ల తేడాతో గెలిచారు. మా డెస్క్‌లో ఆ వ్యాసాన్ని కత్తిరించి నా బల్ల మీద అతికించిన కుర్రాడు ఇప్పుడు సంపాదకుడు.

ఎక్కడ పొరబడ్డానో తరువాత కూర్చుని లెక్క చూసుకున్నాను. ఆమెకు 2004లో 2.89 లక్షల ఓట్లు వచ్చాయి, 2009లో 2.30 లక్షలు. అంటే దాదాపు 59 వేల ఓట్లు పోయాయి. అది ఆజం దెబ్బ, నేను అంచనా వేసినదే. నూర్ బానోకు మాత్రం 2004లో 2.03 లక్షలు ఉంటే 2009లో రెండు లక్షలకు లోపే వచ్చాయి. జయప్రదను వదిలిన ఓట్లు బేగం వైపు వెళ్లలేదు. ఆజం చెప్పినా నవాబుల ఇంటికి ఓటు వేయడానికి ఆయన మనుషులే ఇష్టపడలేదు. ముప్పై ఏళ్లపాటు ఆయన నేర్పిన పాఠం ఆయనకే అడ్డం వచ్చింది. పోటీ నాలుగు వైపులా చీలింది. నగరం బయట పల్లెల్లో ఆమె ఐదేళ్లపాటు తిరిగిన తిరుగుడు మిగిలిన ఓట్లను కాపాడింది. ఆ తిరుగుడును నేను లెక్కలోకే తీసుకోలేదు, ఎందుకంటే నేను ఎప్పుడు వెళ్లినా నగరంలోని లాడ్జిలోనే దిగేవాడిని.

రాష్ట్రమంతటా సమాజ్‌వాదీ పార్టీ 35 నుంచి 23 స్థానాలకు పడిపోయిన ఎన్నిక అది. గాలి లేదు, స్థానిక నాయకుడు లేడు, మతం, కులం, భాష ఏదీ ఆమె వైపు లేదు. అయినా గెలిచారు. సినిమా తార కాబట్టి గెలిచిందని ఎవరైనా అంటే నేను ఈ ఎన్నికను ముందు పెడతాను. ఆమె రాజకీయ జీవితంలో నిజంగా ఆమె సంపాదించుకున్నది ఇదే.

2010 నుంచి 2014 దాకా

ఆ సంపాదన ఏడాది కూడా నిలవలేదు. అమర్‌సింగ్‌కు ములాయం కుటుంబంతో చెడింది. 2010 ఫిబ్రవరి 2న పార్టీ ఇద్దరినీ బహిష్కరించింది. అదే ఏడాది చివర్లో ఆజం ఖాన్ తిరిగి పార్టీలోకి వచ్చారు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చట్టపరమైన చిక్కు ఉంది. పార్టీని తానుగా వదిలిన సభ్యుడు ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం కోల్పోతాడు. మరి పార్టీయే గెంటివేస్తే? 1996లో ఒక తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు, బహిష్కరించినా సభ్యుడు పాత పార్టీకి చెందినవాడిగానే లెక్క అని, వేరే పార్టీలో చేరితే సభ్యత్వం పోతుందని చెప్పింది. అంటే బయటకు నెట్టిన పార్టీ విప్‌కే, సభలో ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికే, లోబడి ఉండవలసిన విచిత్ర పరిస్థితి. దీన్ని ప్రశ్నిస్తూ అమర్‌సింగ్, జయప్రద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2010లో కోర్టు వారికి తాత్కాలిక రక్షణ ఇచ్చి అంశాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది. 2016లో ఆ ధర్మాసనం, ఇద్దరి పదవీకాలమూ ముగిసింది కనుక జవాబు చెప్పనక్కరలేదంటూ ప్రశ్నను తెరిచే ఉంచింది. రాజకీయాల విద్యార్థులకు ఆమె పేరు సినిమాల వల్ల కాక ఈ కేసు వల్ల తగులుతూ ఉంటుంది.

2009లో నిరూపించుకున్న బలం మీద రాంపూర్‌ను పట్టుకుని కూర్చోవడానికి అది సమయం. ఆమె అమర్‌సింగ్ వెంట నడిచారు. ఆయన పెట్టిన రాష్ట్రీయ లోక్ మంచ్ 2012 శాసనసభ ఎన్నికల్లో మూడు వందలకు పైగా స్థానాల్లో అభ్యర్థులను నిలిపి ఒక్కటీ గెలవలేదు. 2014 మార్చిలో ఇద్దరూ రాష్ట్రీయ లోక్ దళ్‌లో చేరారు. ఆమెకు బిజ్నోర్ ఇచ్చారు. పదేళ్లు తిరిగిన రాంపూర్ పల్లెలు ఒకచోట, పోటీ మరొకచోట. మోదీ గాలిలో బీజేపీ రాష్ట్రంలో 71 స్థానాలు ఊడ్చుకుపోయింది, బిజ్నోర్‌లో ఆమెకు డిపాజిట్ కూడా దక్కలేదు.

కృతజ్ఞత వల్ల ఆయన వెంట వెళ్లారని ఆమెను మెచ్చుకునేవారు అంటారు. కావచ్చు. 1995లో పిలిచినవారిని వదిలారన్న నింద మోసిన మనిషి, 2010లో పిలిచినవారిని వదలకుండా నష్టపోయారు. ఈ రెండింటిలో ఏది చేసినా జనం తప్పే పట్టారు.

2019

మార్చి 26న బీజేపీలో చేరారు, రాంపూర్ టికెట్ వచ్చింది. ఈసారి ఎదురుగా స్వయంగా ఆజం ఖాన్. ఆమెను ఉద్దేశించినవిగా భావించిన నీచమైన వ్యాఖ్యలకు ఎన్నికల సంఘం ఆయనను 72 గంటలపాటు ప్రచారం నుంచి నిషేధించింది. ఆ వ్యాఖ్యల వల్ల ఆమెకు సానుభూతి ఓటు వస్తుందని ఢిల్లీలో చాలామంది రాశారు. 2009 దెబ్బ తిన్నవాడిని కాబట్టి నేను ఈసారి ఏమీ రాయలేదు.

ఆమెకు 4.49 లక్షల ఓట్లు వచ్చాయి, అంటే 2009లో గెలిచినప్పటి కంటే దాదాపు రెట్టింపు. అయినా లక్షా పది వేల తేడాతో ఓడిపోయారు. సమాజ్‌వాదీ, బీఎస్పీ, లోక్ దళ్ మూడూ కలిసి పోటీ చేయడంతో పోరు ముఖాముఖి అయింది. నాలుగు వైపులా చీలిన ఎన్నికలో గెలవడానికి పనికొచ్చిన సొంత ఓటు, ముఖాముఖి పోరులో రెండు పెద్ద శిబిరాల మధ్య కరిగిపోయింది. ఆమెకు వచ్చిన ఓట్లలో ఎన్ని ఆమెవి, ఎన్ని కమలం గుర్తువి అని విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఆ ఎన్నికకు సంబంధించిన నియమావళి ఉల్లంఘన కేసులు మాత్రం ఆ తరువాత ఏళ్లపాటు ఆమెను రాంపూర్ కోర్టుకు రప్పించాయి.

ఇతర తారలతో పోలిక

రాజకీయాల్లోకి వచ్చిన ఇతర తారలతో కూడా ఆమెను పోల్చి చూద్దాం. హేమమాలిని 2003లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు, 2014 నుంచి మథురలో వరుసగా మూడుసార్లు గెలిచారు. ఆమె పార్టీ మారలేదు, 2014 తరువాత నియోజకవర్గమూ మారలేదు. జయా బచ్చన్ 2004 నుంచి పలుమార్లు సమాజ్‌వాదీ తరఫున రాజ్యసభకే వెళ్లారు, ప్రజల ముందు నిలబడి ఓటు అడగవలసిన అవసరం ఆమెకు రాలేదు. వైజయంతిమాల గారు 1984, 1989లలో దక్షిణ మద్రాసు నుంచి, అంటే సొంత ఊరి మనుషుల మధ్య గెలిచారు. సొంతది కాని భాషా ప్రాంతంలో, స్థానిక నాయకుడి వ్యతిరేకతను తట్టుకుని రెండోసారి గెలిచిన ఘనత వీరిలో జయప్రద ఒక్కరిదే. ఒకే పార్టీలో, ఒకే చోట నిలకడగా ఉండటంలో మాత్రం ఈ ముగ్గురూ ఆమె కంటే మెరుగు.

ఆంధ్రకు తిరిగి వస్తారా

మీ చివరి ప్రశ్నకు నా జవాబు, పోటీ చేయడానికి అయితే అవకాశం చాలా తక్కువ అని. రాజమండ్రి సభల్లో ఆమెను చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. అయితే ఆమె సరసన 'అడవిరాముడు'లో నటించిన జయసుధ గారు 2009లో సికింద్రాబాద్ నుంచి, రోజా గారు నగరి నుంచి రెండుసార్లు శాసనసభకు గెలిచారంటే, పార్టీ బలంతో పాటు అక్కడ వారి పేరు మీద పనిచేసే మనుషులు కొందరైనా ఉన్నారు. జయప్రదకు అలాంటి మనుషులు ఉంటే గింటే రాంపూర్ నియోజకవర్గంలోని స్వార్, బిలాస్‌పూర్, మిలక్ పల్లెల్లో ఉంటారు. ఆమె లోక్‌సభకు నాలుగుసార్లు పోటీ చేశారు, నాలుగుసార్లూ ఉత్తరప్రదేశ్‌లోనే. ఓటు కోసం తెలుగులో అడిగిన ప్రతిసారీ ఆమె అడిగింది ఇంకొకరి కోసమే.